దవడ కటుక్కుమంటే అరిగిపోయినట్టేనా?

అనంతపురంలో నా దగ్గరికి దవడ నొప్పితో వచ్చేవాళ్లు చాలామంది ముందు చెవిలో చుక్కలు వేసుకుని, తగ్గక ఒక పన్ను కూడా పీకించుకుని, అప్పుడు వస్తారు. వాళ్లనీ అనలేం, దవడ కీలు ఉండేదే చెవికి ఆనుకుని ముందు. అక్కడ వేలు పెట్టి నోరు తెరవండి, కదలడం తెలుస్తుంది.

అపోహ: చప్పుడు వస్తే కీలు అరిగినట్టే.

వాస్తవం: కీలులో ఎముకల మధ్య మెత్తని డిస్క్ ఉంటుంది. అది ముందుకు జారి, నోరు తెరిచినప్పుడు మళ్లీ చోటులోకి వచ్చేటప్పుడు ఎక్కువగా ఆ 'కటుక్' వినిపిస్తుంది. నొప్పి లేదు, పట్టేయడం లేదు అంటే దానికి వైద్యం అక్కర్లేదు.

అపోహ: స్కాన్ లేకుండా ఏమీ తెలియదు.

వాస్తవం: డిస్క్ సంగతి ఖాయం చేసుకోవాలంటే ఎమ్మారై కావాలి, నిజమే. కానీ నా మొదటి పరికరం ప్లాస్టిక్ స్కేలు, సున్నా అంచు నుంచే మొదలయ్యేలా కోసి పెట్టుకున్నాను. పెద్దవాళ్లకి నోరు మామూలుగా 40 నుంచి 55 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. ఎంత తెరుచుకుందనేది ఒకటైతే, ఏ దారిన వెళ్లిందనేది ఇంకొకటి. దవడ పక్కకి వంగి మళ్లీ మధ్యకి వస్తే డిస్క్ జారి ఎక్కుతోందేమో అనుకుంటాను. వంగింది వంగినట్టే ఆగిపోయి, రెండో పక్కకి జరపమంటే జరగకపోతే, వంగిన వైపు డిస్క్ అడ్డం పడిందని అనుమానిస్తాను.

విత్తనాల సీజన్‌లో ఒకామె వచ్చింది, "సార్, సంగటి ముద్ద కూడా నోట్లో పట్టడంలా" అని. నోరు 28 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది, కానీ దవడ పక్కకి వంగలేదు. వేళ్లతో మెల్లగా సాయం చేస్తే 37 దాకా సాగింది. గోడకి తగిలినట్టు ఆగలేదు, అంటే కండరం మీదే అనుమానం. బుగ్గ కండరం నొక్కగానే "అదే సార్, ఆ నొప్పే" అంది. అడిగితే తేలింది, రోజంతా విత్తనం చెనక్కాయలు పంటితో కొరికి ఒలుస్తోందట! అది మానేసి, వేడి గుడ్డ కాపడం పెట్టుకుని, మెత్తటి తిండి తినమన్నాను. సంగటి ఎలాగూ నమిలే పని లేదు, చిన్న ముద్దలు చేసుకోమన్నాను. మూడు వారాలకి 42.

అపోహ: కంప్యూటర్‌లో దవడ కదలిక గ్రాఫ్ తీస్తే జబ్బు పేరు వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. ఏ నొప్పీ లేనివాళ్ల గీత కూడా వంకరగా ఉండొచ్చు. దవడ కీలు జబ్బుల్ని గుర్తించడానికి 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలు కూడా పేషెంట్ చెప్పేదానికి, చేత్తో చేసే పరీక్షకే పెద్ద పీట వేశాయి. ఆ గ్రాఫ్ చూపించి పళ్లు అరగదీద్దాం అంటే మాత్రం ఇంకో డాక్టర్ని అడగండి, అరగదీసిన పన్ను తిరిగి రాదు.

అపోహ: నోరు తెరుచుకోకపోతే కీలు జబ్బే.

వాస్తవం: మన జిల్లాల్లో ఇది ప్రమాదకరమైన అపోహ. వక్కలు, గుట్కా అలవాటున్న మనిషి "కారం దోశ తింటే నోరు భగ్గుమంటోంది" అంటూ వస్తే స్కేలు పక్కన పెట్టి టార్చి తీసుకోవాలి. బుగ్గల లోపల తెల్లబడి, తాళ్లు కట్టినట్టు గట్టిగా తగిలిందంటే అది వేరే జబ్బు, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. దానికి దవడ వ్యాయామాలు మాత్రమే చెప్పి పంపడమంటే అసలు జబ్బును చూడకుండా వదిలేయడమే.