పండగ పేజీలో గాలిపటాలు, మంచు, దీపాలు: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి గాలిపటాలు, దీపావళికి దీపాలు, డిసెంబరులో మంచు. సైట్‌కి పండగ కళ తేవాలనుకోవడం మంచిదే. కానీ ఆ కళ బటన్ నొక్కనివ్వకపోయినా, ఫోన్‌ని వేడెక్కించినా చదవడానికి వచ్చినవాళ్లకు ఇబ్బందే.

అపోహ: మంచు రేకులు ఎన్ని రాలితే అంత అందం.

మొబైల్‌లో 20 నుంచి 30, పెద్ద తెర మీద 60 నుంచి 80 చాలు. లోతు సంఖ్యతో రాదు. మూడు సైజులు పెట్టండి: చిన్నవి మసగ్గా, నెమ్మదిగా, పెద్దవి స్పష్టంగా, వేగంగా. పక్కలకు ఊగడానికి సైన్ లెక్క వాడితే ప్రతిదానికీ మొదలయ్యే కోణం వేరుగా ఇవ్వాలి, లేకపోతే అన్నీ కలిసి ఒకేసారి ఊగుతాయి.

మంచు కోడ్‌లో బొమ్మ మార్చేసి గాలిపటం పెట్టడం ఎక్కువగా కనిపించే పొరపాటు. అన్నీ దారం తెగి కూలుతున్నట్టుంటాయి! గాలిపటం పై భాగంలో నిలబడి, 10 నుంచి 15 డిగ్రీలు అటూ ఇటూ ఊగాలి. తోక ఒక క్షణం ఆలస్యంగా కదలాలి. నాలుగైదు గాలిపటాలు చాలు.

అపోహ: సెట్‌ఇంటర్వల్‌తో (కొంత వ్యవధికోసారి కోడ్ నడిపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) బొమ్మల టాప్, లెఫ్ట్ విలువలు మారిస్తే సరిపోతుంది.

అవి మారిన ప్రతిసారీ బ్రౌజర్ లేఅవుట్ (పేజీలో ఏది ఎక్కడ ఉండాలన్నది) మళ్లీ లెక్కేస్తుంది. 60 హెర్ట్జ్ తెరకు ఒక ఫ్రేమ్‌లో దొరికేది 16.7 మిల్లీసెకన్లే. తక్కువ ధర ఫోన్‌లో అది దాటగానే స్క్రోల్ తడబడుతుంది. ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం), ఒపాసిటీ (ఎంత మసగ్గా కనిపించాలన్నది) విలువలు మాత్రమే మార్చండి. వస్తువులు 50 దాటితే అన్నిటికీ కలిపి ఒక్క కాన్వాస్ (కోడ్‌తో బొమ్మలు గీసే పలక) వాడండి. దీపం చుట్టూ వెలుగుకు ప్రతి ఫ్రేమ్‌లో షాడోబ్లర్ (మసక నీడ) వేయడం బరువైన పని. దాన్ని ఒక్కసారి చిన్న కాన్వాస్ మీద గీసి, ఆ బొమ్మనే అతికించండి. డివైస్ పిక్సెల్ రేషియో (కోడ్‌లోని ఒక పిక్సెల్ వెడల్పుకు తెర మీద ఎన్ని అసలు పిక్సెళ్లో చెప్పే సంఖ్య) 3 ఉన్న ఫోన్‌లో గీయాల్సిన పిక్సెళ్లు తొమ్మిది రెట్లవుతాయి కాబట్టి కాన్వాస్‌కు ఆ రేషియోను 2 దగ్గర ఆపేయండి.

కదలికకు రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ (తెర కొత్త ఫ్రేమ్ గీసే ముందు మీ కోడ్‌ను పిలిచే ఫంక్షన్) వాడండి, అది ఇచ్చే టైమ్‌స్టాంప్‌తోనే దూరం లెక్కకట్టండి. ఫ్రేమ్‌కి ఇన్ని పిక్సెళ్లని రాస్తే 120 హెర్ట్జ్ ఫోన్‌లో మంచు రెట్టింపు వేగంతో పడుతుంది. వేరే ట్యాబ్‌కి వెళ్లి తిరిగొచ్చినప్పుడు రెండు ఫ్రేముల మధ్య తేడా సెకన్లలో ఉంటుంది, అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోతాయి. ఆ తేడాను 50 మిల్లీసెకన్లకు మించనివ్వకండి.

అపోహ: పేజీ పైన ఉన్న అలంకరణ పొర పారదర్శకమే కదా, ఏం కాదు.

కనిపించని పొర కూడా నొక్కుల్ని మింగేస్తుంది. నొక్కులు ఆ పొరను దాటి కిందికి వెళ్లడానికి పాయింటర్-ఈవెంట్స్: నన్ తప్పనిసరి. పొజిషన్ ఫిక్స్‌డ్‌గా ఉంచండి. యాబ్సొల్యూట్ అయితే కుడి అంచు దాటిన రేకులు పేజీకి అడ్డ స్క్రోల్ తెస్తాయి. స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకు తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఈ అలంకరణను వదిలేసేలా ఏరియా-హిడెన్ (aria-hidden) పెట్టండి.

అపోహ: పండగ హంగు ఎవరికైనా నచ్చుతుంది.

కదిలే తెర చూస్తే కళ్లు తిరిగేవాళ్లున్నారు. ఫోన్ లేదా కంప్యూటర్ సెట్టింగుల్లో కదలికలు తగ్గించమని (ప్రిఫర్స్-రిడ్యూస్డ్-మోషన్) అడిగినవాళ్లకు కదలని అలంకరణ చూపండి. చాలామందికి ఆ సెట్టింగ్ ఉందనే తెలియదు కనుక "అలంకరణ ఆపు" బటన్ కూడా ఉండాలి. నొక్కిన సంగతి లోకల్‌స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే నిల్వ) దాచండి. తనంతట తానే మొదలై, మిగతా కంటెంట్ పక్కన 5 సెకన్లకు మించి కదిలేదాన్ని ఆపే వీలుండాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా చేసే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లోని 2.2.2 నియమం. టపాసులు, సీరియల్ లైట్ల మెరుపులు సెకనుకు మూడు దాటకూడదు. దాటితే మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం.

అపోహ: ఉచిత స్క్రిప్ట్ లింకు అతికిస్తే పని అయిపోతుంది.

బయటి స్క్రిప్ట్ మీ పేజీలో ఏదైనా చేయగలదు, ఫారాల్లో టైప్ చేసేది చదవడంతో సహా. పాత బ్రౌజర్లలో కొత్త సౌకర్యాలు పనిచేయించే స్క్రిప్టులు అందించిన పాలీఫిల్.ఐఓ డొమైన్ చేతులు మారాక 2024 జూన్‌లో దాన్ని వాడుతున్న సైట్లకు హానికర కోడ్ వెళ్లింది. మంచు కురిపించే కోడ్‌కు 50 లైన్లు పట్టవు. మీ సర్వర్‌లోనే పెట్టుకోండి.

అపోహ: తేదీ ఒకసారి రాస్తే ఏటా పనిచేస్తుంది.

సంక్రాంతికి దాదాపు సరే. దీపావళి, ఉగాది తిథితో మారతాయి: దీపావళి 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. ఏ ఏడాది తేదీలు ఆ ఏడాదికి రాసుకోవాల్సిందే. నెల చెప్పే గెట్‌మంత్ ఫంక్షన్‌లో జనవరి అంటే 0 అని మరవకండి. సమయం లేకుండా '2026-01-13' అని ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం అర్ధరాత్రిగా తీసుకుంటుంది: హైదరాబాద్‌లో ఉదయం 5:30కి, డల్లాస్‌లో 12వ తేదీ సాయంత్రం 6కి గాలిపటాలు ఎగురుతాయి. భారత సమయమే కావాలంటే గంటలతో పాటు +05:30 కూడా రాయండి.