తుపాకీలో తూటా ఎవరు తీశారు? ఏఐ రీజనింగ్ గొడవ వెనక 1986 నాటి కథ

ఏఐ మోడల్స్ నిజంగా ఆలోచిస్తాయా, ఆలోచిస్తున్నట్టు నటిస్తాయా అన్న రచ్చ మళ్ళీ మొదలైంది, అందులో కొందరు "లాజిక్ వాళ్ళు నలభై ఏళ్ళ కిందే చేతులెత్తేశారు, ఇప్పుడు వాళ్ళ మాటెందుకు" అని తేల్చేస్తున్నారు. లాజిక్ వాళ్ళంటే, రూల్స్ రాసిచ్చి మెషీన్ చేత ఆలోచింపజెయ్యాలని చూసినవాళ్ళు. ఇంతకీ అప్పుడు ఏం జరిగింది?

పక్షి అనగానే ఎగురుతుందనుకుంటాం, అది పెంగ్విన్ అని తెలిస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటాం. ఇలా వేరే సంగతి తెలిసేదాకా నిజమనుకునే మాటే డిఫాల్ట్. కొత్త సంగతి తెలిస్తే పాత నిర్ణయాన్ని వెనక్కి తీసుకోగల లాజిక్ కావాలనుకున్నారు, 1980లో ఒకే జర్నల్ స్పెషల్ ఇష్యూలో రేమండ్ రైటర్ డిఫాల్ట్ లాజిక్, జాన్ మెకార్తీ సర్కమ్‌స్క్రిప్షన్, మెక్‌డెర్మట్-డోయల్‌ల నాన్‌మోనోటోనిక్ లాజిక్ అని అలాంటి పద్ధతులు మూడూ వచ్చేశాయి.

దెబ్బ పడింది 1986లో. యేల్ యూనివర్సిటీలో స్టీవ్ హాంక్స్, డ్రూ మెక్‌డెర్మట్ (అవును, ఆ మెక్‌డెర్మటే) ఒక చిన్న లెక్క పెట్టారు. ఒకడు బతికున్నాడు, తుపాకీలో తూటా పెట్టాం, కాసేపు ఆగాం, కాల్చాం. ఏమవుతుంది? చిన్నపిల్లాడు కూడా చచ్చిపోతాడనే చెప్తాడు. కానీ మనం మెషీన్‌కి ఇచ్చిన డిఫాల్ట్ ఏంటంటే, ఏదీ ఊరికే మారదు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది అని. ఆ మెషీన్ రెండు కథలు చెప్పింది: ఒకదాంట్లో మనిషి పోయాడు, ఇంకోదాంట్లో ఊరికే ఆగిన టైమ్‌లో తూటా ఎలాగో మాయమైంది, మనిషి బతికే ఉన్నాడు. రెండింట్లోనూ డిఫాల్ట్ తప్పింది ఒక్కసారే, కాబట్టి లాజిక్‌కి రెండూ సమానమే! మూడు పద్ధతులూ ఇక్కడే బోల్తా కొట్టాయి.

మెక్‌డెర్మట్ 1987లో ఈ దారే వదిలేశానన్నాడు. ఇవాళ అందరూ కోట్ చేసేది అక్కడి వరకే.

మిగతావాళ్ళు మాత్రం ఆగలేదు. మార్పులు వీలైనంత ఆలస్యంగా జరిగాయనుకుందాం అన్నారు యోవ్ షోహమ్ లాంటివాళ్ళు, తుపాకీ లెక్క సరిపోయింది, కానీ రెండు రాత్రులు కారు పార్క్ చేసి వెళ్ళి మూడో రోజు వచ్చి చూస్తే లేదనుకోండి, ఈ లాజిక్ ప్రకారం దొంగ కచ్చితంగా రెండో రాత్రే వచ్చాడు, మొదటి రాత్రి వచ్చే ఛాన్సే లేదు :) ఈ తప్పు పట్టింది హెన్రీ కౌట్జ్, తమాషా ఏంటంటే ఆలస్యం ఐడియా చెప్పినవాళ్ళలో ఆయనా ఒకడు. 1988లో గెల్ఫాండ్, లిఫ్‌షిట్జ్ స్టేబుల్ మోడల్స్ (రూల్స్‌కి సరిపోతూ, ఆధారం లేని మాట ఏదీ లేని జవాబులు) తెచ్చారు, తర్వాత అదే రూల్స్ రాసిస్తే జవాబులు కంప్యూటరే వెతికే ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్ అయి స్పేస్ షటిల్ సిస్టమ్‌కి ప్లాన్లు వేసే దాకా వెళ్ళింది. 1991లో రైటర్ అయితే ఒక్కో విషయాన్ని ఏయే పనులు మారుస్తాయో ముందే పూర్తిగా రాసెయ్యండి, మిగతాది మామూలు లాజిక్కే చూసుకుంటుందన్నాడు. అంటే డిఫాల్ట్ లాజిక్ కనిపెట్టినాయనే ఇక్కడ డిఫాల్ట్ పక్కన పెట్టేశాడు.

నాకు ఇందులో ఫెయిల్యూర్ కంటే, తప్పెక్కడుందో నాలుగు లైన్లలో వేలు పెట్టి చూపించగలగడమే పెద్దదిగా కనిపిస్తుంది. చాట్‌బాట్ తూటా మాయం చేస్తే ఏ లైన్ దిద్దాలి?

అరిజోనా స్టేట్‌లో ఉన్న మన ఏఐ ప్రొఫెసర్ సుబ్బారావు కంభంపాటి గారు ఎల్ఎల్ఎమ్ (చాట్‌బాట్ వెనకుండే భాషా మోడల్) ఒంటరిగా ప్లాన్ వెయ్యలేదు, బయట చెకర్ ఉండాలని వాదిస్తున్నది దీని పక్క ఇంటి మాటే. ఆ చెకర్ దగ్గర ఒక్కో పని ఏం మారుస్తుందో మాత్రమే రాసి ఉంటుంది, రాయనిదంతా ఉన్నట్టే ఉంటుంది. ఆగడం అనే పని కింద తూటా అని రాయలేదంటే, తూటా లోపలే ఉంది.