నీరసానికి కారణం అది కాదు

విజయవాడ సూర్యారావుపేటలో లేడీ డాక్టర్లకు కొదవలేదు. నీరసమనీ, నడుం లాగుతోందనీ, తెల్లబట్ట అవుతోందనీ వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. కొందరికి లోపల ఇంకో టెన్షన్: హస్తప్రయోగం వల్లే ఇలా అయిందేమో, రేపు పిల్లలు పుట్టరేమో! పక్కన అత్తగారుంటే ఆ మాట గొంతు దాటదు.

దానివల్ల గర్భసంచికి గానీ అండాశయాలకు గానీ ఏమీ కాదు. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) రాదు, నెలసరి గాడి తప్పదు, పిల్లలు పుట్టే అవకాశం తగ్గదు. ఈ భయం మన ఒక్కరిదే కాదు లెండి. 1760లో టిస్సో అనే స్విస్ డాక్టరు ఈ అలవాటు ఒంట్లో సత్తువంతా లాగేస్తుందని ఏకంగా పుస్తకమే రాశాడు. వైద్యం ఆ వాదాన్ని ఎప్పుడో వదిలేసింది, మందులు అమ్ముకునేవాళ్లు వదల్లేదు. 'నరాల బలహీనత' పోగొడతామంటూ మందుల ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా ఆ రాతలు గోడల మీద కనిపిస్తూనే ఉంటాయి.

మరి నీరసం ఎందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తం తక్కువున్నట్టే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తూనే అలసట, దువ్వెన నిండా జుట్టు... వీటికి అది చాలు. చిన్న రక్తపరీక్షతో తేలిపోయేదాన్ని పట్టించుకోకుండా, ఏళ్ల తరబడి తనను తాను తిట్టుకుంటూ బతకడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెల్లబట్ట ఎముకలు కరిగి పోయేది కాదు. చాలావరకు గర్భసంచి ముఖద్వారం దగ్గర ఊరే జిగురే. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. కోరిక కలిగినప్పుడు వచ్చే తడి వేరు, అది యోని గోడల నుంచి ఊరుతుంది. రెండూ మామూలే. దురద, మంట, దుర్వాసన ఉంటే మాత్రం ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించుకోవాలి. సబ్బుతో లోపల కడగొద్దు, అక్కడి ఆమ్లగుణాన్ని కాపాడే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

"అలవాటు పడ్డాను కాబట్టే భర్తతో తృప్తి కలగట్లేదా?" అని కొందరు మథనపడతారు. చాలామంది ఆడవాళ్లకు భావప్రాప్తి క్లిటోరిస్ (యోని ద్వారానికి పైన ఉండే సున్నితమైన భాగం) ద్వారానే కలుగుతుంది. పైకి కనిపించే మొన కొంచెమే, మిగతాదంతా లోపల రెండు పక్కలా పరుచుకుని ఉంటుంది. ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓ'కానెల్ 1998లో ఈ నిర్మాణాన్ని వివరంగా చూపించేదాకా వైద్య పుస్తకాలే దాన్ని సరిగ్గా పట్టించుకోలేదు. ఇక భర్తకు తెలియకపోవడంలో వింతేముంది? తనకు ఏది హాయిగా ఉంటుందో తెలిసిన భార్య ఆ మాట చెప్పగలదు.

పనీపాటా మానేసేంతగా అలవాటు లాగుతున్నా, నొప్పి, రక్తం కనిపించినా డాక్టరును కలవాలి. లేదంటే గోళ్లు కత్తిరించుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసేవాళ్లకూ, ఇంట్లో ఆవకాయ కలిపినవాళ్లకూ ఇంకో మాట. ఆ చేతులు అక్కడ తగిలితే మంటే. మిరప ఘాటు ఉత్త నీళ్లకు పోదు, నూనెకు కరుగుతుంది. చేతికి ముందు కాస్త నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో బాగా రుద్ది కడగండి.