భువనగిరి గుట్ట ఫోటోలో ఎందుకు చిన్నబోతుంది?

హైదరాబాద్ నుంచి రైలులో వస్తుంటే భువనగిరి గుట్ట సగం ఆకాశాన్ని కమ్మేసినట్టు కనిపిస్తుంది. అదే గుట్టను ఫోనులో బంధిస్తే మైదానం చివర ఒక బోడిరాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఆ ఫోటోనే ముందు పెట్టుకుని గీస్తారు. కొలతలు కుదురుతాయి, గుట్ట మాత్రం రాదు. చేతివాటాన్ని తప్పుపట్టే ముందు కంటికీ కొలతకూ మధ్య ఈ తగవు ఎంత పాతదో చూడాలి.

దూరమయ్యేకొద్దీ గీతలు ఒకే బిందువులో కలుస్తాయన్న పద్ధతిని ఇటలీలో ఆల్బెర్తి అనే వాస్తుశిల్పి 1435లో గ్రంథస్థం చేశాడు. అది కెమెరాలా ఒంటికన్నుతో, కదలకుండా చూసేవాడి లెక్క. మన దగ్గర బ్రిటిష్ కాలపు ఆర్ట్ స్కూళ్లు దాన్ని పాఠంగా స్థిరపరిచాయి; మద్రాసులో అలాంటి బడి 1850లో మొదలైంది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు చిత్రకారులు ఆ లెక్కతో పనిలేకుండానే క్షీరసాగర మథనం వేశారు.

ఐరోపాలో ఆ లెక్కను గట్టిగా కదిలించినవాడు ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ (1839–1906). తన ఊరి కొండ సాంత్ విక్త్వార్‌ను పదేపదే వేశాడు. ఆయన పళ్లేల అంచులు వంకరపోతాయి. ఆపిల్ పండు చుట్టూ ఒకటికి నాలుగు నీలిగీతలుంటాయి. చేతకాక కాదు. కదిలే కన్నుకు అంచు ఒకచోట నిలవదు.

దాదాపు అదే కాలంలో తత్వవేత్త హుస్సెర్ల్ ఫినామినాలజీ అనే ఆలోచనా పద్ధతికి పునాది వేశాడు: వస్తువు గురించి ముందే తెలిసినదాన్ని పక్కనపెట్టి, అది మనకు ఎలా కనిపిస్తోందో వర్ణించాలన్నాడు. రెండు దారులనూ కలిపింది ఫ్రెంచ్ తత్వవేత్త మెర్లో-పోంతీ. 1945లో సెజాన్ మీద రాసిన వ్యాసంలో, మనం కెమెరాలా చూడమని, చూపు శరీరంతో జరిగే పని అని వాదించాడు. 1960 వేసవిలో సెజాన్ సీమలోనే కూర్చుని ‘కన్ను, మనసు’ అనే వ్యాసం రాశాడు. మరుసటి మే నెలలో చనిపోయాడు. నా లెక్కలో ముందు నడిచింది చిత్రకారుడే. తత్వవేత్త ఆ నడకకు మాటలిచ్చాడు.

చిత్రానికీ తత్వానికీ మధ్య ఈ చెలిమి ప్రతిసారీ మేలు చేయలేదు. చిత్రకారుడు వాన్ గో వేసిన పాత బూట్లలో జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ ఒక రైతుస్త్రీ బతుకంతా చూశాడు. అవి పట్నంలో ఉన్నప్పటి చిత్రకారుడి సొంత బూట్లేనని కళాచరిత్రకారుడు మేయర్ షాపీరో 1968లో అడ్డుతగిలాడు. మన చిత్రకారుడు గొంగడి వేసినా, నాగలి వేసినా ‘తెలంగాణ పల్లె ఆత్మ’ అని రాసిపారేసే ప్రదర్శన పరిచయాలది కూడా ఇదే తీరు. రంగు ఎక్కడ మందంగా పడిందో, గీత ఎక్కడ ఆగిందో వాటిలో ఒక్క వాక్యం కనబడదు.