చంద్రుడు ఫొటోలో చిన్నబోయాడెందుకు?

ప్రియమైన పిల్లలకు,

మీరు పంపిన పౌర్ణమి ఫొటో అందింది. "కొండ మీద లేస్తున్నప్పుడు పళ్ళెమంత ఉన్నాడు తాతయ్యా, ఫొటోలో మాత్రం చుక్కలా వచ్చాడు, ఫోను బాగోలేదు" అని రాశారు. ఫోను బాగానే ఉంది. మీ కళ్ళూ బాగానే ఉన్నాయి. మరి ఆ రెండూ ఒకే మాట ఎందుకు చెప్పలేదో వివరిద్దామనే ఈ ఉత్తరం.

చేయి బారుగా చాపి చిటికెన వేలు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ. చంద్రుడు అందులో సగమే. కొండ అంచున ఉన్నా, నడినెత్తిన ఉన్నా అర డిగ్రీయే. ఫోను కెమెరా ఒకేసారి 70 డిగ్రీల దాకా ఆకాశాన్ని పట్టేస్తుంది. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో చంద్రుడి వంతుకు వచ్చేవి 30 పిక్సెళ్లు. చుక్కలా రాక ఏమవుతాడు?

నమ్మకం కుదరకపోతే చంద్రుడు లేస్తున్నప్పుడు ఒకటి, నాలుగైదు గంటలు గడిచాక ఇంకొకటి, జూమ్ ఏమాత్రం మార్చకుండా రెండు ఫొటోలు తీసి స్కేలుతో కొలవండి. అడ్డంగా కొలిస్తే రెండూ ఒకటే. నిజానికి లేస్తున్న చంద్రుడు పిసరంత చిన్నగానే ఉంటాడు, ఎందుకంటే నడినెత్తిన ఉన్నప్పటికంటే అప్పుడు మనకు దూరంగా ఉంటాడు. ఆ తేడా భూమి వ్యాసార్ధమంత, అంటే 6,400 కిలోమీటర్ల దాకా. పైగా దిగువ గాలి పొరలు వెలుగును వంచడం వల్ల నిలువునా కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటాడు. పెద్దగా కనిపించడం మాత్రం పూర్తిగా మన మెదడు చేసే పని. అది ఎందుకలా చేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఈనాటికీ ఒక్క మాట మీదకు రాలేదు.

అందుకే ఆకాశాన్ని ఫొటో తీసిన ప్రతిసారీ నన్ను నేను ఒకటే అడుగుతాను: నేను చూసింది వెలుగులో ఉందా, నా మనసులో ఉందా?

ఎండమావిని తీసుకోండి. మండుటెండలో రోడ్డు మీద దూరాన నీళ్ళు నిలిచినట్టు కనిపిస్తుంది, దగ్గరికెళ్తే ఉండదు. అది కంటి భ్రమ అని చాలామంది అనేస్తారు. ఫొటో తీసి చూడండి, అక్కడా నీళ్ళు మెరుస్తూనే ఉంటాయి. కెమెరాకు భ్రమ ఉండదు కదా! నేలను ఆనుకున్న వేడి గాలి పలచబడుతుంది. ఆకాశం నుంచి ఏటవాలుగా దిగుతున్న వెలుగు ఆ పలచని గాలిలో వంగి, నేలను తాకకుండానే పైకి లేచి మన కంటికి చేరుతుంది. నీళ్ళనుకున్నది నేల మీద కనిపిస్తున్న ఆకాశం ముక్క. వెలుగు నిజం. "నీళ్ళు" అన్నది మనం పెట్టుకున్న పేరు. కెమెరాను కిందికి, నేలకు దగ్గరగా దించి తీస్తే ఆ మడుగు ఇంకా పెద్దదవుతుంది.

ఒకప్పుడు చిత్రకారులు మెరుపును రంపపు పళ్ళలా, కోణాలు కోణాలుగా గీసేవారు. 1882లో ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ అనే ఆయన మెరుపును ఫొటో తీశాడు. తొలినాళ్ళ మెరుపు ఫొటోల్లో అదొకటి. అందులో మెరుపు నదిలా, చెట్టు వేళ్ళలా పాయలు పాయలుగా వచ్చింది. అంత త్వరగా మాయమయ్యేదాన్ని కన్ను సరిగా పట్టలేదు, కెమెరాలోని ఫొటో పలక మీద అచ్చుపడింది. మీరు మాత్రం మెరుపును ఇంట్లోంచే, మూసిన కిటికీ వెనక నుంచే తీయండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టి, ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం కట్టవచ్చు. కానీ ఉరుము వినిపించిందంటేనే పిడుగు మీ దాకా రాగలదని అర్థం. ఈ విషయంలో నా మాట జవదాటవద్దు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది, గుడి కట్టడం. సూర్యుడి చుట్టూనో చంద్రుడి చుట్టూనో ఏర్పడే ఆ వలయాన్ని మనవాళ్ళు వరదగుడి అన్నారు. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని మాట. దీని వెనక చాలా గట్టి పరిశీలన ఉంది, ఎందుకంటే ఆ రెండు గుళ్ళూ ఒక జాతివి కావు.

దూరపు గుడిని కట్టేది మంచు. చాలా ఎత్తున ఉండే పలచని మేఘాల్లో ఉండేవి నీటి బొట్లు కావు, మంచు పలుకులు. మీ చేతిలోని ఆరు పలకల పెన్సిల్‌ను చూడండి, వాటి ఆకారం దాదాపు అదే. వెలుగు ఒక పలకలోంచి దూరి, పక్క పలకను వదిలేసి ఆ తర్వాతి పలకలోంచి బయటపడితే కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. అంతకు తక్కువ వంగడం దాని వల్ల కాదు. అందుకే వలయం లోపలి అంచు తీర్చినట్టు ఎర్రగా ఉంటుంది, దాని లోపలి ఆకాశం కాస్త చీకటిగా ఉంటుంది. చేయి చాపి, వేళ్ళు బాగా విప్పి, బొటనవేలితో సూర్యుణ్ణి కప్పితే చిటికెన వేలి కొస వలయం దాకా అందుతుంది. అలాంటి మేఘాలు చాలాసార్లు వాన మబ్బులకు ముందు నడుస్తాయి.

దగ్గర గుడి వేరు. చంద్రుణ్ణి అంటిపెట్టుకుని, రెండు మూడు డిగ్రీల మేర రంగుల బిళ్ళలా ఉంటుంది. దాన్ని కట్టేది సన్నని నీటి బొట్లు. బొట్లు ఎంత చిన్నవైతే ఆ బిళ్ళ అంత పెద్దది. అంత పలచని, అంత సన్నని బొట్ల మబ్బు వెంటనే కురిసేది కాదు. సామెత ప్రతిసారీ నిజమవుతుందని చెప్పను. కానీ కొలత పరికరం ఏదీ లేకుండా ఆ తేడాను పట్టిన కళ్ళకు దణ్ణం పెడతాను.

సూర్యుడి చుట్టూ గుడిని తీసేటప్పుడు ఏ స్తంభం వెనకో, గోడ అంచు వెనకో సూర్యుడు దాగేలా నిలబడండి. కెమెరా అద్దంలోంచి గానీ బైనాక్యులర్‌లోంచి గానీ సూర్యుణ్ణి చూడనే కూడదు. క్షణంలో కన్ను పోతుంది.

హరివిల్లు దగ్గర సూర్యుడి బెడద లేదు, అతను ఎప్పుడూ మీ వీపు వెనకే ఉంటాడు. మీ నీడలో తల ఎక్కడ పడుతుందో హరివిల్లుకు కేంద్రం సరిగ్గా అక్కడ. అక్కడి నుంచి 42 డిగ్రీల దూరంలో ఎరుపు. అంటే సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకెక్కితే చదును నేల మీద నిలబడ్డవాళ్ళకు ఆకాశంలో విల్లు ఉండదు. నడిమధ్యాహ్నం హరివిల్లు కనబడకపోవడానికి కారణం ఇదే. ఈ కొస నుంచి ఆ కొసకు 84 డిగ్రీలు కాబట్టి మామూలు కెమెరాలో మొత్తం పట్టదు. ఫోనులో ఇంకా వెడల్పుగా తీసే లెన్స్ ఉంటే దాంతో తీయండి. పైన రెండో విల్లు ఉందేమో వెతకండి, 51 డిగ్రీల దగ్గర, రంగులు తలకిందులై, ఎరుపు లోపలికి ఉంటుంది. రెంటి మధ్యా ఆకాశం మసకగా ఉంటుంది. దీన్ని 1800 ఏళ్ళ కిందట అలెగ్జాండర్ అనే గ్రీకు పండితుడు గమనించి రాశాడు, ఆ పట్టీకి ఆయన పేరే ఉంది. మీరూ మీ పక్కవాళ్ళూ ఒకే చోట నిలబడి తీసినా ఇద్దరి తలల నీడలు వేరు కదా, ఎవరి విల్లు వారిదే.

నేల కూడా ఇలాంటి పాఠాలే చెబుతుంది. ఇసుకలో పడిన అడుగుజాడను ఏటవాలు ఎండలో ఫొటో తీసి, తలకిందులు చేసి చూడండి. గుంట కాస్తా బొడిపె అయిపోవచ్చు. వెలుగు పైనుంచే పడుతుందని మెదడు ముందే అనుకుని కూర్చుంటుంది. ఎండి బీటలు వారిన బురదను తీస్తే పక్కన ఒక పెన్సిల్ ఉంచండి. లేకపోతే అది జానెడు మడుగో, విమానం నుంచి చూసిన ఎడారో చెప్పలేం. బురద ఎండి కుంచించుకుపోతే పగుళ్ళు, లావా చల్లారి కుంచించుకుపోతే రాతి స్తంభాలు. ఐర్లండ్ ఉత్తర తీరంలోని జెయింట్స్ కాజ్‌వేలో అలాంటివి 40,000 దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం ఆరు పలకలవే.

నా చిన్నప్పటి ఫొటో ఒకటి మీకు చూపించాను, గుర్తుందా? మబ్బులో రంగుల ముక్క. సూర్యుడికి అటూ ఇటూ 22 డిగ్రీల దూరంలో మంచు పలుకులు వెలిగించే మచ్చ కావచ్చు. సూర్యుడికి దగ్గరలో సన్నని నీటి బొట్లు అద్దిన రంగు కావచ్చు. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో తెలిస్తే చాలు, తేలిపోయేది. నేను రంగులు ముద్దొచ్చి వాటినే దగ్గరికి లాగి తీశాను. నేల రాలేదు, సూర్యుడున్న దిక్కు తెలియదు, వెనక తేదీ కూడా రాయలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. మంచు రేకులను సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి 1885 నుంచి 5,000కు పైగా ఫొటోలు తీసిన విల్సన్ బెంట్లీ ఒక మామూలు రైతు. ఆయన ఫొటోలతో పాటు ఆనాటి వాతావరణాన్నీ రాసి పెట్టుకునేవాడు.

కాబట్టి మీకు ఈసారి పని. మబ్బులేని సాయంత్రం సూర్యుడు కుంకగానే అందరిలా పడమరకు కాక తూర్పుకు తిరగండి. నేలను ఆనుకుని బూడిద కలిసిన నీలిరంగు పట్టీ ఒకటి, దాని మీద గులాబీ రంగు పట్టీ ఇంకొకటి మెల్లగా పైకి లేస్తాయి. కింది నీలిపట్టీ గాలి మీద పడుతున్న భూమి నీడ. ఫోను తనంతట తాను రంగులు సరిదిద్దేస్తుంది కాబట్టి కెమెరాలో రంగుల తీరును నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు మీద పెట్టి, కదలకుండా ఐదు నిమిషాలకొకటి చొప్పున నాలుగు ఫొటోలు తీయండి. ప్రతిదాని వెనకా సమయం, దిక్కు, పట్టీ నేల నుంచి ఎన్ని వేళ్ళ ఎత్తున ఉందో రాసి పంపండి. నీడ ఎంత వేగంగా ఎక్కిందో కలిసి లెక్కకడదాం.

ప్రేమతో,
మీ తాతయ్య