పండు కొనేవారు, ఆవకాయ పెట్టేవారు

చిరంజీవులు సాహితికి, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

నాన్న చిన్న కెమెరా పాడైతే అలాంటిదే కొందామని వెళ్లారనీ, దుకాణంలో లక్ష రూపాయల పెద్దవే ఉన్నాయనీ, చేతిలో ఫోను ఉండగా ఆ లక్ష పెట్టేదెవరనీ రాశారు.

ఈ వేసవిలో అమ్మమ్మ వెంట మామిడికాయల బజారుకు వెళ్లండి. పండు కొనేవారు తొడిమ దగ్గర వాసన చూసి, ఇంటికి తెచ్చుకుని తినేస్తారు. ఆవకాయ పెట్టేవారు పులుపు, పీచు, టెంక కట్టిందో లేదో చూసి, ముక్కలు కొట్టించి, ఉప్పు, కారం, ఆవపిండి తమ లెక్క ప్రకారం కలుపుకుంటారు. ఫోను పండు లాంటిది: మీరు నొక్కగానే నాలుగైదు చిత్రాలను కలిపి, నీడల్లో వెలుగు పెంచి, రంగులు దిద్ది చేతిలో పెడుతుంది. పెద్ద కెమెరా కొనేవారికి ఆ దిద్దుబాటు తమ చేతిలోనే ఉండాలి కనుక, దిద్దని ‘రా’ ఫైలునే తెచ్చుకుని కంప్యూటరు ముందు కూర్చుంటారు. వారికి కాయ పరిమాణం కూడా ముఖ్యమే: ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద రకం కెమెరాలో వెలుగు పడే సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, నాన్న కెమెరా వంటి వాటిలో చాలామటుకు దాని విస్తీర్ణం ఇందులో ముప్పయ్యో వంతే. ఆ తేడా దీపం వెలుతురులో బయటపడుతుంది.

చిన్న కెమెరా దోరకాయ. పండు ఇంకా దొరకని రోజుల్లో పండు కావలసినవారే దాన్ని కొన్నారు. 2010లో జపాను కంపెనీలు అమ్మకానికి పంపిన 12 కోట్ల పైచిలుకు కెమెరాల్లో 10 కోట్లకు మించి ఆ రకానివే. 2020 నాటికి, కరోనా దెబ్బ కొంత ఉన్నా, అవి 40 లక్షలైనా లేవు; లెన్సు మార్చుకునేవి మాత్రం 50 లక్షలు దాటాయి. కాసియో అనే జపాను కంపెనీ 2018లోనే ఈ రంగం నుంచి తప్పుకుంది. మిగిలినవారు ఆవకాయవారినే నమ్ముకుని తక్కువ కెమెరాలను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఇంతలో కాలేజీ పిల్లలకు పాత చిన్న కెమెరాల మీద మోజు పుట్టిందట. దోరకాయకు ఉప్పూకారం అద్దుకుని తినే సుఖానికి నేనేం కారణం చెప్పగలను?

మా చిన్నతనంలో మేనమామ దగ్గర ఒక పెట్టె కెమెరా ఉండేది. రీలుకు 12 బొమ్మలే కనుక, ఒక్కటీ వృథా పోకూడదని ఆయన మమ్మల్ని ఎండకు అటూ ఇటూ తిప్పి నిలబెట్టి, కదిలితే కసిరేవాడు. ఆయన ఫొటోగ్రాఫరు కాడు, మునసబు గారి దగ్గర లెక్కలు రాసేవాడు. అందుకే పండు తినేవారిని ఆవకాయవారు చిన్నచూపు చూస్తే నాకు నచ్చదు; లక్ష పోసి కొని, డయల్‌ను, అంతా కెమెరాయే చూసుకునే ‘ఆటో’ మీద నుంచి ఎన్నడూ కదపనివారూ ఉన్నారు మరి.

వచ్చే నెల పెళ్లిలో ఫొటోగ్రాఫరు మెడలోని కెమెరాను కాక, లెన్సు మీద ఉన్న ఆయన ఎడమ చేతి వేళ్లను గమనించండి. అవి ఎప్పుడు, ఎటు తిరుగుతున్నాయో చూసి, భోజనాలయ్యాక ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఎందుకని అడిగి, చెప్పింది నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య