2 లక్షల ఏళ్లు కాదు, 6 గంటలే: టెక్నీషియం స్కాన్‌పై అపోహలు - వాస్తవాలు

మాది నరసన్నపేట దగ్గర పల్లె. విశాఖలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి డీటీపీఏ స్కాన్‌కి, అంటే ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే స్కాన్‌కి, వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. దానికోసం టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం ఉన్న మందును సూదితో ఎక్కిస్తాం. వాళ్లలో చాలామందిది ఒకటే టెన్షన్: "టెక్నీషియం 2 లక్షల ఏళ్లు ఒంట్లోనే ఉండిపోతుందట కదా?"

కంచిలి వైపు నుంచి ఒకావిడ కొడుక్కి కిడ్నీ ఇవ్వడానికి వచ్చింది. ఈ మాట ఎవరో ఫోన్‌లో పంపారు. స్కాన్ గది గుమ్మం దాకా వచ్చి, "కిడ్నీ కోసిచ్చీమన్నా ఇచ్చేత్తాను బాబూ, ఆ సూది మాత్రం ఒద్దు" అని వెళ్లిపోయింది. దాతకి ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలియకుండా డాక్టర్లు ముందుకెళ్లలేరు. ఆవిడ మళ్లీ వచ్చేసరికి మూడు వారాలు. అన్నాళ్లూ పిల్లాడు డయాలసిస్ మీదే. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ మెసేజీ పంపినవాడి మీదే ఉంది.

రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటాం. 2 లక్షల ఏళ్లకు పైబడిన అర్ధాయువు టెక్నీషియం-99ది. మేం ఎక్కించేది దాని ఇంకో రూపం, 99ఎం. ఈ 99ఎం అర్ధాయువు 6 గంటలు. ఈరోజు పదింటికి ఎక్కిస్తే రేపు పదింటికి మిగిలేది పదహారో వంతు, మూత్రంలో పోయేది లెక్కేయకుండానే. "99ఎం చివరికి 99గానే మారుతుంది కదా సార్?" అని ఆ కొడుకే అడిగాడు. మంచి ప్రశ్న. మారుతుంది. కానీ అది గ్రాములో వంద కోట్ల వంతులు చేస్తే ఏవో కొన్ని వంతులు. పైగా అర్ధాయువు పెద్దదంటే ఆ పరమాణువులు అంత నెమ్మదిగా విడిపోతాయని, రేడియేషన్ కూడా అంత నెమ్మదిగా వస్తుందని అర్థం.

రేడియేషన్ బొత్తిగా లేదని నేననను. నీళ్లు బాగా తాగండి, ఆ ఒక్కరోజు చంటిపిల్లల్ని ఎత్తుకోకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి.

సూదితో కిడ్నీ పాడవుతుందా? కాదు. సీటీ స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు వేరు, ఇది వేరు.

మనిషి చేసింది కాబట్టి విషమా? 1937లో అమెరికాలోని బర్క్‌లీ సైక్లోట్రాన్ (కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రం) నుంచి వచ్చిన మాలిబ్డినం అనే లోహపు రేకులో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెరియర్ అనే శాస్త్రవేత్తలు టెక్నీషియంను పట్టుకున్నారు. కృత్రిమంగా తయారైన తొలి మూలకం ఇదే. అంతమాత్రాన విషమైపోదు.

కొవ్వాడలో పెడతామన్న అణు కేంద్రం ఇలాంటిదేనా? కాదు బాబూ, అది కరెంటు కోసం.

"రేపొస్తాం, మందు దాచండి" అంటారు కొందరు. దాచలేం. మాలిబ్డినం-99 మారి 99ఎం అవుతుంది; అది ఉన్న జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి 99ఎంను రోజూ పొద్దున్నే తీస్తాం. ఆ జనరేటర్‌ను మేం 'ఆవు' అంటాం, తీయడాన్ని 'పితకడం' అంటాం. పలాస పాసింజర్ లేటైతే దారిలోంచే ఫోన్ చేయండి, మీ డోసు కలపకుండా ఆగుతాం.